“అమ్మాయినే అడగండి” అన్న మాస్టారు

తెనాలిలో మాకు జపనీస్ నేర్పిన మాస్టారు మొన్న పోయారు. నాతో చదువుకున్న అమ్మాయి ఫోన్ చేసి “మాస్టారు ఇక లేరే” అంటే, ఆఫీసని కూడా చూడకుండా ఏడ్చేశాను. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన చదువు పెట్టిందే.

ఆయన కాలేజీలో చదివి నేర్చుకున్న భాష కాదది. రేపల్లె దగ్గర రొయ్యల కంపెనీలో పనిచేస్తూ, సరుకు చూసుకోవడానికి వచ్చే జపాన్ వాళ్ల వెంట తిరిగి పట్టుకున్నారు. రిటైరయ్యాక ఇంటి మేడ మీద చాపలు పరిచి పాఠాలు మొదలెట్టారు. మేం బాపట్ల నుంచి ప్యాసింజర్ రైల్లో వెళ్లేవాళ్లం. మా తాతల వయసాయన మమ్మల్ని పట్టుకుని “ఏవండీ” అంటుంటే, మొదట్లో నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం.

కోరికల పాఠం చెప్పిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

“నాకు నీళ్లు కావాలి అంటాం. నీళ్లని కావాలి అంటామా? అనం. వాళ్లూ అంతేనండి. ‘హొషీ’ అంటే కావాలి. అప్పుడు నీళ్లకి ‘గ’ తగిలించండి. తాగాలనుంది అన్నారనుకోండి, ‘గ’ అయినా, మన ‘ని’ లాంటి ‘ఓ’ అయినా చెల్లుతుంది. మనసు నీళ్ల మీదుంటే ‘గ’, తాగడం మీదుంటే ‘ఓ’.”

నేను ఊరుకుంటానా! “మరి మా చెల్లికి తాగాలనుంటేనో సార్?”

“అక్కడే ఉందండి తిరకాసు. ఎదుటివాళ్ల కోరిక మన కోరికలాగా చెప్పేయకూడదు. తాగాలనున్నట్టు కనిపిస్తోంది అనాలి. అప్పుడిక ‘ఓ’ ఒక్కటే. మీ చెల్లెలి మనసులో దూరి చూశారా ఏంటి?”

ఇంట్లోనూ ఆయనది ఇదే వరస. “అమ్మగారు పేరంటానికి వస్తారాండి?” అని పక్కింటివాళ్లు అడిగితే, “ఆవిణ్ణే అడగండి” అనేవారు. “నలభై ఏళ్ల కాపురం, ఆ మాత్రం చెప్పలేరా!” అని ఆవిడ లోపల్నుంచి విసుక్కునేవారు.

జపనీస్ పరీక్ష పాసయ్యాక నాకు చెన్నైలో ఉద్యోగం వచ్చింది. నాన్న ససేమిరా అన్నారు. చేరడానికి నాలుగు రోజులే గడువు. ఏడుస్తూ మాస్టారికి ఫోన్ చేస్తే, మర్నాడే రైలెక్కి మా ఇంటికి వచ్చారు. నా తరఫున గట్టిగా వాదిస్తారని గంపెడాశ పెట్టుకున్నాను.

“మా అమ్మాయికి అంత దూరం వెళ్లాలని లేదండి మాస్టారూ” అన్నారు నాన్న.

“అలాగా అండి. అమ్మాయినే అడగండి.”

అంతే! ఇంకో ముక్క మాట్లాడితే ఒట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మాత్రానికేనా రైలెక్కి వచ్చింది!

నాన్న నా వైపు తిరిగారు. నా బట్టలు, నా కాలేజీ, నా చదువు, అన్నీ అప్పటిదాకా ఆయన చెప్పినవే. అడగడం అదే మొదటిసారి.

“ఏమ్మా, నీకేం కావాలి?”

సాయం కోసం మాస్టారి వంక చూశాను. ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని, తల పూర్తిగా అటు తిప్పేసి, గోడ మీద క్యాలెండర్ చదువుతున్నారు. “వెళ్లాలనుంది నాన్నా” అని నేను అనేదాకా ఆ తల ఇటు తిరగలేదు, ఒక్క గుక్క మజ్జిగ దిగలేదు.