ఎనిమిదో తెడ్డు

నార్ఫోక్‌లో ఏ ఊరికి వెళ్లినా ఊరి మొదట్లో చెక్క బోర్డు ఒకటి స్వాగతం చెబుతుంది. ఆ ఊరికి గొప్పగా చెప్పుకోడానికి ఏముంటే అది ఓక్ చెక్క మీద చెక్కించి, రంగులేసి, స్తంభమెక్కిస్తారు. పక్క ఊరివాళ్లకు పాపం, ఒక గాలిమర, రెండు బాతులు తప్ప ఏమీ దొరకలేదు. మా హేస్లింగ్‌కు మాత్రం పడవ ఉంది. 1897లో ఇసుకతిన్నెకు తగులుకున్న ఓడలోని మనుషుల్ని కాపాడటానికి వెళ్లి, తిరిగిరాని పడవ.

ఆ బోర్డు చెక్కింది హెడ్లీ లార్టర్. 1977లో రాణిగారి పాలన రజతోత్సవానికి, ముప్పై ఏడేళ్ల వయసులో, ఒక శీతకాలమంతా కొట్టంలో కూర్చుని చెక్కాడు. ఎనిమిది తెడ్లు, తెడ్డుకో మనిషి.

నిజానికి ఆ రోజు పడవలో వెళ్లింది ఏడుగురే.

ఎనిమిదో తెడ్డు హెడ్లీ తాత ఎజ్రాది. పడవకు రమ్మని పిలుపు వినబడ్డప్పుడు అతను రాలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరమని ఇంట్లోవాళ్లు చెప్పారు. సారాకొట్టు బల్లకింద పడి ఉన్నాడని ఊళ్లోవాళ్లు చెప్పారు. ఏది నిజమో ఎజ్రా ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. ఒక తెడ్డు తక్కువైనందుకే పడవ అలకు అడ్డం తిరిగిందని ఊరు నమ్మింది. ఏడు ఇళ్లు విధవల ఇళ్లయ్యాయి.

తాత చనిపోయేనాటికి హెడ్లీకి పదకొండేళ్లు. చర్చిలో తాత పక్కన ఎవరూ కూర్చునేవారు కాదని అతనికి బాగా గుర్తు. పడవల షెడ్డు ముందునుంచి నడవాల్సి వస్తుందని తాత దుకాణానికి సైతం పొలాల వెనక దారినే పోయేవాడు, మైలు ఎక్కువైనా సరే. హెడ్లీ నాన్నను ఏ పడవలోనూ పనికి పెట్టుకోలేదు. అందుకే ఆయన బండిచక్రాలు చేయడం నేర్చుకున్నాడు. లార్టర్ల ఇంటికి ఉలి వచ్చింది అలాగే.

ఆ ఉలితోనే హెడ్లీ తాతను పడవ ఎక్కించాడు.

బోర్డు నిలబెట్టిన రోజున, ఆనాడు మునిగిపోయిన పడవ నాయకుడి కొడుకు ముసలి బుల్లెన్ దాని కింద చాలాసేపు నిలబడ్డాడు. వేలితో తలలు లెక్కపెట్టాడు. తర్వాత హెడ్లీ వైపు తిరిగాడు.

"పని బాగుందిరా," అని ముసలాయన బీరు తాగడానికి వెళ్లిపోయాడు.

ఊళ్లో అందరికీ లెక్కలొచ్చు. అయినా నలభై రెండేళ్లు ఎవ్వరూ ఆ ఊసెత్తలేదు.

ఎత్తింది ప్రూడెన్స్ ఆష్‌డౌన్. లండన్ నుంచి వచ్చి ఆరేళ్లయింది, అప్పుడే గ్రామసభకు అధ్యక్షురాలు. మంచి మనిషి, ఏ పనైనా శ్రద్ధగా చేస్తుంది. మన ఖర్మ అదే. బోర్డుకు మళ్లీ రంగులు వేయించాలనుకుని, ముందుగా చర్చి ఆవరణలో మునిగిపోయినవాళ్ల స్మారక రాయి మీద పేర్లు చదివింది.

"రాయి మీద ఏడు పేర్లే ఉన్నాయి లార్టర్ గారూ. మీరు ఎనిమిదిమందిని చెక్కారు," అంది కాగితం చూపిస్తూ.

"పొరపాటు," అన్నాడు హెడ్లీ. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, బడిపిల్లాడిలా తల వంచుకున్నాడు.

"ఆ ఒక్క మనిషినీ తీసేసి అల చెక్కేస్తే సరిపోతుంది. మీ చెక్కడం మీద ఇంకొకరి చేయి పడటం నాకిష్టం లేదండీ. మీరే చేయాలి."

ఆ సాయంత్రం ముసలి బుల్లెన్ కొడుకు క్లెమ్ కొట్టానికి వచ్చాడు. హెడ్లీతో కలిసి చదువుకున్నవాడే.

"రాయే తప్పని చెప్పెయ్‌రా. ఆవిడకేం తెలుసు."

"మీ తాత పేరుంది ఆ రాయి మీద."

"ఉంటే ఉండనీ. మా నాన్న చచ్చేదాకా ఎనిమిదిమందనే చెప్పాడు. నన్నూ అలాగే చెప్పమన్నాడు."

ఇంత దయ తన వెనక ఉందని ఇన్నేళ్లూ హెడ్లీకి తెలియదు. తెలిశాక దాన్ని మోయడం ఇంకా కష్టమైంది.

"తీయనంటే ఎందుకని అడుగుతుంది, క్లెమ్. ఎందుకో నా నోటితో నేను చెప్పలేను."

మర్నాడు పొద్దున కొట్టానికి దించి తెచ్చిన బోర్డుకు ఉలి ఆనించాడు. పైపైన చెక్కి అల దిద్దుదామని అతని ఆలోచన. కానీ తాత బొమ్మ మెడ వంపులో నలభై రెండేళ్ల వాన నిలిచి, రంగు కింద చెక్క పుచ్చిపోయింది. ఒక్క దెబ్బకు ఎజ్రా తడిసిన రొట్టెలా విడిపోయి ఒళ్లో పడ్డాడు. బోర్డుకు ఇవతలినుంచి అవతలికి కంత పడింది. కొత్త ముక్క అతకబోతే అంచులు పట్టలేదు. తెడ్డు మాత్రం గట్టిగానే ఉంది. కింది అలకు అదే ఆధారం కాబట్టి దాన్ని తీయడానికి లేదు. వేళ్లు వంగని ఆ చేతులతో ఇంకో బోర్డు చెక్కడం కలలోని మాట.

బోర్డును అలాగే మళ్లీ నిలబెట్టారు. టీ, కేకులు పంచారు. ఏడుగురు మనుషులు, ఎనిమిది తెడ్లు, మధ్యలో ఖాళీ జాగా. అందులోంచి సముద్రం కనిపిస్తోంది.

మనిషి లేని తెడ్డు ఏమిటని ఇక చూసినవాళ్లంతా అడగడం మొదలుపెట్టారు. ప్రూడెన్స్ కూడా అడిగింది. సారాకొట్టులో ఎవరో చెప్పారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని హెడ్లీ ఇంటికొచ్చింది.

"నాకు తెలిస్తే ముట్టుకోనిచ్చేదాన్నే కాదు. అయినా మీ తాతగారిని మరిచిపోకుండా ఏర్పాటు చేశాను," అంది.

స్తంభానికి ఇత్తడి పలక బిగించారు. 'ఈ ఖాళీ చోటు ఎజ్రా లార్టర్‌ది' అని దాని మీద చెక్కి ఉంది. నిన్నటిదాకా ఆ సంగతి తెలిసిన ముసలివాళ్లు పదిమంది ఉన్నారేమో. ఇప్పుడు చదవడం వచ్చిన ప్రతివాడికీ తెలుసు.

హెడ్లీ బోర్డు దగ్గరికి ఒక్కసారే వెళ్లాడు. దుకాణానికి మాత్రం రోజూ వెళ్తాడు, పొలాల వెనక దారిన. మోకాళ్లు బాగాలేవు, ఆ మైలుకు గంటకు పైనే పడుతుంది.