తాళం పడిన తెర

మా అక్క యంత్రాల మీద ఉండే టచ్ తెరలు ఎలా ఉండాలో గీస్తుంది. ఏ గడి ఎక్కడ ఉండాలి, ఏ అక్షరం ఎంత లావుండాలి అని రోజంతా బుర్ర బద్దలు కొట్టుకుంటుంది. ఫోన్ పట్టుకోవడానికే జంకే పెద్దవాళ్లకు కూడా అర్థమయ్యేలా చేయాలని ఆమె పట్టు. ఆఫీసులో అందరూ వెనకాల ఆమెను 'లావు అక్షరాలు' అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె గీసినదానికి కోడ్ రాసేది నేను కాబట్టి ఆమె తిట్లలో పెద్ద వాటా నాదే.

ఇళ్లలో మంచం పక్కన పెట్టుకునే ఆక్సిజన్ యంత్రానికి కొత్త తెర చేశాం. మొదటి విడతలో ఒకటి మా మేనత్త ఇంటికి వెళ్లింది. ఊపిరితిత్తులు పాడై మావయ్య ఏడాదిగా మంచం మీదే ఉన్నాడు. అక్క దగ్గరుండి అంతా చూపించింది. అత్త అన్నిటికీ తలూపింది.

"అర్థమైందా అత్తా?"

"ఓ, ఎందుకు కాదు? మా పిల్ల చేసింది నాకు అర్థం కాకపోవడమేంటి!"

బట్టలు కుట్టి మా ఇద్దరినీ పెంచిన మనిషి. అక్కను చిన్నబుచ్చడం ఆమె వల్ల కాదు. అది తెలిసి కూడా మేం ఆ తలూపుడు నమ్మేశాం. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఓ పొద్దున పదకొండు గంటలకు ఆఫీసులో అక్క ఫోన్ మోగింది. అత్త.

"కరెంటు పోయిందే! ఇది ఒకటే కూతలు పెడుతోంది. మీ మావయ్యకి ఊపిరాడట్లేదు."

అక్క స్పీకర్ పెట్టింది. "కంగారుపడకు. బ్యాటరీ అని ఆకుపచ్చ గడి ఉంటుంది, నొక్కు."

"నొక్కాను. గట్టిగా పట్టి నొక్కాను. అది పోయి తాళం బొమ్మ వచ్చింది."

ఏం జరిగిందో నాకు అర్థమైంది. గుడ్డతో తుడిచేటప్పుడు పొరపాటున ఏదీ మారకూడదని, మూడు సెకన్లు నొక్కి ఉంచితే తెరకు తాళం పడేలా పెట్టింది అక్కే. మేం తెర చేతికిచ్చి పరీక్షించిన పన్నెండు మందీ ఆఫీసువాళ్లు, వేలి కొసతో తాకి వదిలేసే రకం. అత్త నలభై ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. గట్టిగా పట్టుకుంటే తప్ప ఏ పనీ జరగదని ఆమె లెక్క.

నేను నా ఫోన్లో అంబులెన్సుకు చెప్పాను. ఇరవై ఐదు నిమిషాలు పడుతుందన్నారు.

"తాళం కింద ఏం రాసుంది అత్తా?"

"స్వైప్ చేయండి అనుంది. అంటే ఏంటే?"

ఆ మాట పెట్టింది నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"వేలితో పైకి జరుపు," అంది అక్క.

"దేన్ని జరపాలే? ఇది అద్దం కదా, ఎలా జరుగుతుంది?"

అంతదాకా వెనక వినిపిస్తున్న మావయ్య దగ్గు ఆగిపోయింది. "పెదాలు నల్లబడుతున్నాయే!" అని అత్త గొంతు చించుకుంది. అక్క కళ్లు మూసుకుంది. అరుస్తుందేమో అనుకున్నాను. చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"అత్తా, నీ చేతిలో సుద్దముక్క ఉందనుకో. గుడ్డ మీద గుర్తు పెడతావు చూడు, అలాగే. తాళం మీద మొదలుపెట్టి పైదాకా ఒక్క గీత గియ్యి. నొక్కొద్దు. గుడ్డ ముడత పడకూడదు."

కూతలు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"ఆకుపచ్చది వచ్చింది!"

"ఇస్త్రీపెట్టె కాలిందో లేదో వేలు పెట్టి చూస్తావే, అంతే తాకు. వెంటనే తీసెయ్."

కూతలు ఆగాయి. యంత్రం గుర్రుమని నడవడం మొదలుపెట్టింది. కాసేపటికి మావయ్య మళ్లీ దగ్గాడు. ఆ దగ్గు విని నేను అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

"తప్పు నాదేనే," అని అత్త వెక్కింది. "అర్థం కాలేదని ఆ రోజే చెప్పాల్సింది."

అక్క ఏడ్చేసింది. అంబులెన్సు వచ్చేదాకా ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

మావయ్య తేరుకున్న మర్నాడు మేనేజరు జరిగినదాని మీద రిపోర్టు కాగితం తెచ్చాడు. కారణం అన్నచోట 'వాడినవారి పొరపాటు' అని ముందే టైపు చేసి ఉంది. అక్క సంతకం పెడితే చాలు. ఆమె ఆ మాట కొట్టేసి, 'తెర గీసినవారి పొరపాటు' అని రాసి, కింద సంతకం చేసింది.

"ఉద్యోగం మీదకి తెచ్చుకుంటున్నావమ్మా," అన్నాడాయన. "మీ మావయ్యగారు బాగానే ఉన్నారు కదా?"

"ఇంకో నాలుగు వందల ఇళ్లలో ఉందండీ ఈ తెర," అంది అక్క. "వాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు?"