లెక్కల మాస్టారి పళ్ళ డబ్బా

నేను పాఠాలు చెప్పే బళ్ళో లెక్కల మాస్టారి చెయ్యి ఎప్పుడూ చొక్కా జేబు మీదే ఉండేది. అందులో చిన్న ప్లాస్టిక్ డబ్బా. వంకర పళ్ళు సరిచేసుకోవడానికి ఆయన యాభై దాటాక కనబడీ కనబడని, తీసి పెట్టుకునే రకం క్లిప్పులు పెట్టించుకున్నారు. ఈ వయసులో ఎందుకండీ అంటే, "ఒక్క ఫొటోలోనైనా నోరు తెరిచి నవ్వాలండి" అనేవారు.

టీ తాగాలన్నా క్లిప్పులు తీసి డబ్బాలో పెట్టాలి. తీసేటప్పుడు గోడవైపు తిరిగిపోయేవారు. మళ్ళీ పెట్టుకునేదాకా కాలు నిలిచేది కాదు. చూస్తున్న నాకే కంగారు పుట్టేది.

ఆ వేసవిలో పిల్లల్ని బళ్ళో చేర్పించడానికి ఇద్దరం నరసాపురం దగ్గర ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు. ప్రతిసారీ ఆయన గోడ వెతుక్కున్నారు. చివరికి ఎస్సీ పేటలో ఒకావిడ గ్లాసులు తెస్తే, విసుగొచ్చి "నాకొద్దమ్మా" అనేశారు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "పర్లేదండి. మా ఇళ్ళల్లో తాగనోళ్ళు ఇంకా ఉన్నారండి" అంటూ గ్లాసు వెనక్కి తీసుకుంది.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. అందరి ఎదుటా నోట్లో వేళ్ళు పెట్టి, క్లిప్పులు ఊడబీకి, డబ్బా మాటే మరిచి జేబులో పడేసుకున్నారు. గ్లాసు అందుకుని, కాలుతున్నా గడగడా తాగేశారు.

"ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నారు, వంకర పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.