మంచు టైర్లలో పుదీనా

మా పక్కింటి చిన్నాయన గత మంగళవారం చనిపోయాడు. గుండెనొప్పితో కొద్దిరోజులుగా, మస్కట్‌కు దక్షిణాన మేముండే సలాలాలో, ఆసుపత్రిలో ఉన్నాడు. తగ్గింది, రేపో ఎల్లుండో ఇంటికి పంపిస్తాం అన్నారు. నాన్న ఫోన్ చేసేసరికి నేను కొండ మీది ఆరోగ్య కేంద్రంలో, మందుల గదిలో, ఒక ముసలామెకు దగ్గుమందు ఎంత తాగాలో మూతతో కొలిచి చూపిస్తున్నాను. కిటికీ బయట ఏమీ లేదు. అంటే మంచు. ఖరీఫ్ నెలల్లో మా కిటికీ బయట ఎప్పుడూ అంతే.

నాన్న విషయం చెప్పి, "అసర్ నమాజు అయినాక తీస్కపోతారంట. నువ్వు ఆడే ఉండు. నేను కంపెనీ బండి అడుక్కోని పైకొచ్చి నిన్ను దింపుకుంటా" అన్నాడు.

నాన్న తను పనిచేసే రైసూత్ ఫ్యాక్టరీ నుంచి పైకి వచ్చి, నన్ను దింపుకుని వెళ్లేసరికి అసర్, అంటే పొద్దు వాలే వేళ చేసే నమాజు, దాటిపోతుంది. చిన్నాయనను మోసేవాళ్లలో నాన్న ఉండడు. అది మా ఇద్దరికీ తెలుసు. మంచులో ఆ కొండదారిని నేను ఒక్కదాన్నే ఎప్పుడూ నడపలేదన్నదీ ఇద్దరికీ తెలుసు. నా పక్క సీట్లో ఎప్పుడూ చిన్నాయన ఉండేవాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మా నర్సు సిస్టర్ కూర్చుంటూ వచ్చింది. ఆమె డ్యూటీ సాయంత్రం దాకా ఉంది.

ఐదు నిమిషాల్లో మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

చిన్నాయన మాకు చుట్టం కాదు. ఆయనది కడప, మాదీ కడప. ఇంట్లో వాళ్లు ఉర్దూ మాట్లాడుకునేవారు, మాతో తెలుగు. నేను కడప కాన్వెంటులో, తర్వాత ఫార్మసీ కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకుని సలాలా వచ్చినప్పుడు నాకు మాటలు తక్కువ. ఇప్పటికీ తక్కువే. అది ఆయన మొదటిరోజే కనిపెట్టాడు. ప్రశ్న వేసి జవాబు కూడా తనే చెప్పేవాడు. "ఏం పాపా, తిన్న్యావా? తినింటావులే." "పుస్తకం అయిపోయిందా? యాడయిపోతాది, లావుగా ఉండాది." నేను తలూపితే చాలు. కొన్నాళ్లకు, ఆయన తప్పు జవాబు చెప్పినప్పుడు సరిదిద్దడానికి నేను నోరు తెరవాల్సి వచ్చింది. అట్లా మాట్లాడటం మొదలైంది. ఆయన కావాలనే తప్పులు చెప్పేవాడేమోనని ఈ వారమే నాకు తట్టింది.

పోర్టు ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇక్కడి బడిలో టీచరుగా ఉన్న చిన్నమ్మ ఉద్యోగం మీద ఆయనకు వీసా. "నేనిప్పుడు మా ఇంటామె వీసా మీద బతుకుతాండా. కోపమొస్తే విమానం ఎక్కిస్తాది" అని అందరికీ చెప్పుకునేవాడు. చిన్నమ్మ వినపడనట్టు ఉండేది.

ఆయనకు ఒక గుణం ఉంది. ఏ వస్తువైనా విచారించకుండా కొనడు. మిక్సీ కొనడానికి నాలుగైదు ఇళ్లలో మిక్సీలు ఆడించి చూసి వచ్చాడు. "మీ చిన్నాయన ఉప్పు కొనాలన్నా ముందు సముద్రాన్ని అడిగొస్తాడు" అనేది చిన్నమ్మ.

కడపలో ఖరీఫ్ అంటే వేరుశనగ. సలాలాలో ఖరీఫ్ అంటే కొండ కనబడకపోవడం. వేసవి నడుమ సముద్రం మీంచి మబ్బు వచ్చి కొండలను కప్పేస్తుంది. జల్లు కూడా కాదు, తడి. ఎండిన కొండలు పచ్చబడతాయి. మస్కట్ నుంచి, దుబాయి నుంచి జనం చూడటానికి వస్తారు. ఆ అందమంతా పక్కన కూర్చునేవాళ్లకు. నడిపేవాళ్లకు కనిపించేది కారు ముందు కాస్త తారు, దాని మీద బురద, అప్పుడప్పుడు అడ్డంగా నిలబడిన ఒంటె.

కొండ మీద నాకు ఉద్యోగం వచ్చింది నిరుడు చలికాలంలో. నాన్న కంపెనీ బస్సులో వెళ్తాడు కాబట్టి ఇంటి కారు నాకిచ్చారు. డిక్కీ ఉన్న మామూలు సెడాన్. ఎండ రోజుల్లో బాగానే వెళ్లొచ్చాను. ఖరీఫ్ మొదలైన వారంలో ఒక మలుపు దగ్గర బ్రేకు వేస్తే కారు ఆగకుండా జారి, రోడ్డు పక్కనున్న రాళ్లను ఆనుకుని నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి వచ్చి ఉద్యోగం మానేస్తానన్నాను. అమ్మ సరేనంది. చిన్నాయన మాత్రం బయటికి వెళ్లి, కారు చుట్టూ తిరిగి, టైర్ల మీద వేలు పెట్టి చూసి వచ్చాడు.

"ఉద్యోగం మానేది తర్వాత. టైర్లు నున్నగా బోడిగుండు మాదిరి ఉండాయి. ముందు అవి మార్చాల."

అట్లా టైర్ల విచారణ మొదలైంది. మా హాల్లో కూర్చుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు తెలుగులో అడిగాడు: "మంచు పడే కొండ రోడ్డు మీద, ఇంటిల్లిపాదీ పోయే కారుకు ఎట్లాంటి టైర్లు ఎయ్యాల?"

ఫోన్ వివరంగా చెప్పింది. మెత్తటి రబ్బరుతో చేసినవి కావాలి. టైరు మీది గాళ్లు లోతుగా ఉండాలి, వాటి మధ్య రబ్బరు మీద చాకుతో గీసినట్టు సన్నటి కోతలుండాలి, అవే మంచును కరిచి పట్టుకుంటాయి. రెండు మార్చి రెండు వదిలేస్తే కారు వెనకభాగం తిరిగిపోతుంది కాబట్టి నాలుగూ ఒకే రకం వేయాలి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు, ఆ గుర్తు చూసి కొనాలి.

ఆ బొమ్మ చూసి ఆయన మొహం వెలిగిపోయింది. "చూడు పాపా, కొండా ఉండాది, మంచూ ఉండాది. మన కోసరమే చేసినట్టుండారు."

సనాయాలో, అంటే మెకానిక్కుల షెడ్లన్నీ ఉండే పేటలో, టైర్ల కొట్లన్నీ తిరిగాడు. ఏ కొట్టులోనూ ఆ గుర్తు లేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు. దొరకని వస్తువంటే ఆయనకు గౌరవం పెరిగేది. చివరికి చలిదేశాల నుంచి కంటైనర్లో వచ్చిన వాడిన టైర్ల కుప్పలో ఒకే రకంవి నాలుగూ దొరికాయి. తయారైన సంవత్సరం చూశాడు, లోపల అతుకులున్నాయేమో చేత్తో తడిమి చూశాడు, గాళ్లలో పుల్ల దించి లోతు చూశాడు. బిగించి తెచ్చాడు.

మర్నాడు తనే నడుపుతానని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొండ ఎక్కాడు. సగం దారిలో, మంచులో, ఒక టీ కొట్టు దగ్గర ఆపాడు. అప్పుడు చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆయన ఫోన్ స్పీకర్లోనే ఉంటుంది. ఇంతకీ ఏ టైర్లు వేయించారని ఆమె ఉర్దూలో అడిగింది. ఆయన టీ కప్పు పైకెత్తి, గర్వంగా, "బరఫ్ కే టైరా" అన్నాడు. అని ఆగిపోయాడు.

అవతలి నుంచి చిన్నమ్మ నెమ్మదిగా, "సలాలా మే బరఫ్ కహాఁ హై జీ?" అంది. సలాలాలో బరఫ్ ఎక్కడుందండీ అని.

ఉర్దూలో బరఫ్ అంటే ఆకాశం నుంచి తెల్లగా రాలి నేల మీద గడ్డకట్టేది. కొండ మీద పొగలాగా కమ్మేదానికి ధుంద్ అని వేరే మాట ఉంది. తెలుగులో మా నోట రెండూ మంచే. ఫోన్ దాని మంచు గురించి చెప్పింది. మేము మా మంచు గురించి విన్నాం. నేను అంతకుముందు రాత్రే ఆ టైర్ల గురించి ఇంగ్లీషులో చదివాను కూడా. ఫోటోల నిండా తెల్లటి హిమం ఉంది. నాకూ తట్టలేదు.

చిన్నాయన టీ పూర్తిగా తాగి అన్నాడు: "మన తెలుగోళ్లకు మంచు గడ్డకట్టి పడింటే గదా, రెండు మాటలు పెట్టుకునేది."

"ఉర్దూలో అడిగుంటే సరిపోయేది గదా చిన్నాయనా" అన్నాను.

"కారు నీది గదమ్మా. అది చెప్పేది నీకు అర్థం కావాల గదా."

నాకు నవ్వు వచ్చింది. ఆయనకూ వచ్చింది. టీ కొట్టతను ఏమైందని అడిగితే ఇద్దరం చెప్పలేకపోయాం.

ఆ టైర్లు ఉంచుకోవచ్చా అన్నది నాన్న ప్రశ్న. అవి చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. చిన్నాయన ఒప్పుకోలేదు. మళ్లీ విచారించాడు, ఈసారి రెండు భాషల్లో. చలికి మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది, అందుకని ఆ టైర్లను మెత్తగా చేస్తారు. చలి లేని చోట ఆ మెత్తదనమే చేటు. తొందరగా అరిగిపోతాయి, బ్రేకు వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. సలాలా మంచులో తడి ఉంది కానీ ఆ చలి లేదు. కొండ దాటి అటు ఎడారిలోకి దిగితే నిప్పులే. "తప్పు నాది, ప్రాణం పాపది. ఎట్ల ఉంచుతాం?" అని నాన్నతో అన్నాడు. వెంటనే విప్పించి, నీటిని పక్కలకు తోసే గాళ్లున్న మామూలు టైర్లు వేయించాడు. కొట్టువాడు ఆ మంచు టైర్లను వెనక్కి తీసుకోనన్నాడు. నాలుగింటినీ కారులో వేసుకొచ్చి తన ఇంటి ప్రహరీ పక్కన పెట్టాడు.

కొత్త టైర్లు వేశాక కూడా నా భయం పోలేదు. ఆయన అది అడగలేదు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. ఆ ఖరీఫ్ అంతా కూర్చున్నాడు. నేను పనిచేస్తున్నంతసేపూ ఎదురుగా టీ కొట్టులో ఉండేవాడు. అక్కడికి వచ్చే ఒక కొండవాసి ముసలాయన తన భాషలో మాట్లాడేవాడు, చిన్నాయన కడప తెలుగులో జవాబు చెప్పేవాడు. ఇద్దరికీ ఎప్పుడూ అభిప్రాయభేదం రాలేదు.

నడుపుతుంటే ఆయన పెద్దగా ఏమీ చెప్పేవాడు కాదు. పెద్ద లైటు వేసినప్పుడు మాత్రం, "తీసెయ్. ఆ ఎలుగును మంచు నీ మొగానే కొడతాది" అన్నాడు. ఒంటె అడ్డమొచ్చి నేను హారన్ మీద చెయ్యి పెడితే, "దానికి డ్యూటీ ల్యా పాపా, నీకే ఉండేది. ఆగు" అన్నాడు. ఇంకోరోజు, టైర్ల మీద నమ్మకం లేక నేను మరీ మెల్లగా పోతుంటే చెప్పాడు: "టైరు నేలను పట్టుకునేది అరచెయ్యంతే. ఎంత మంచి టైరయినా అంతే. మిగతాదంతా నువ్వు పట్టుకోవాల."

మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు కారులో కింద పరిచిన చాపను నొక్కేది. అక్కడ బ్రేకు లేదని తెలుసు, అయినా నొక్కేవాడు. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఈ ఏడు ఖరీఫ్ మొదలయ్యేసరికి ఆ చాప మీద మడమంత మేర అరిగిపోయి ఉంది.

మంగళవారం నేను ఐదు నిమిషాలు కూడా తీసుకోలేదు. సిస్టర్‌కు చెప్పి, సెలవు రాసిచ్చి, కారు దగ్గరికి వెళ్లి నాన్నకు ఫోన్ చేశాను.

"నేను దిగొస్తా నాన్నా. నువ్వు చిన్నాయన కాడికి పో."

"చిన్న లైటే ఏసుకో" అన్నాడు నాన్న.

దిగడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కనిపించినంత దూరమే నడిపాను. వెనక ఎవరో హారన్ కొట్టారు, కాసేపటికి దాటుకుని వెళ్లిపోయారు. ఒకచోట ఒంటెలు దాటాయి, ఆగాను. నిరుడు రాళ్లను ఆనుకున్న మలుపు దగ్గర మాత్రం నా కళ్లు పక్క సీటు కిందికి వెళ్లబోయాయి. వెళ్లనివ్వలేదు. బ్రేకు నేనే నొక్కాను. కారు ఆగింది. దిగువన మంచు పలచబడి ఊరు కనిపించినప్పుడు చేతులు నొప్పిపెడుతున్నాయని తెలిసింది.

అసర్ వేళకు నాన్న అక్కడే ఉన్నాడు. మోశాడు.

నేను చిన్నమ్మ దగ్గర కూర్చున్నాను. గది నిండా ఆడవాళ్లున్నారు. ఆమె చాలాసేపు నన్ను చూడలేదు. చూశాక, "ఎవరు తీసుకొచ్చినారు నిన్ను?" అంది.

"నేనే వచ్చినా చిన్నమ్మా."

ఆమె నా చెయ్యి తీసుకుంది. అరచెయ్యి తిప్పి చూసి, అట్లాగే పట్టుకుంది.

చీకటి పడుతుండగా టీ కోసం పుదీనా తెమ్మని ఎవరో నన్ను బయటికి పంపారు. ప్రహరీ పక్కన ఆ నాలుగు టైర్లున్నాయి. నిరుడే చిన్నమ్మ వాటిలో మట్టి పోయించి పుదీనా నాటింది. ఇప్పుడది పొంగి బయటికి వేలాడుతోంది. వంగి తుంచుతుంటే ఆకుల కింద ఆ గుర్తు కనిపించింది, మూడు శిఖరాల కొండ, లోపల మంచుపువ్వు. ఊరి మీదికి కూడా తడి దిగింది. నల్లటి రబ్బరు మీద, ఆ పువ్వు గీతల్లో, సన్నటి చుక్కలు ఒకదాని పక్కన ఒకటి నిలిచి ఉన్నాయి.