సత్తెవ్వ పెట్టిన వంతు

గుట్ట కింది మా బస్తీకి పెద్దదిక్కయిన సత్తెవ్వ మొన్న సోమవారం ఉదయం పరమపదించింది. ఆ దుర్వార్త మోసుకొచ్చినవాడు బండి తోలే ఖాజా మియా. "నాగయ్యా, అవ్వ పోయింది" అన్నాడు. అందుకు నేను, "ఇయ్యాల వంతెవరిది?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. మియా నా ముఖంలోకి చూసి, అరుగు మీద కూలబడ్డాడు. అయిదు రోజులైంది. ఇంతవరకు నాకు కంట నీరు రాలేదు. ఆ పుణ్యశీల గుణగణాలు నలుగురికీ తెలియాలని రాయబోతే కలం కూడా మొద్దుబారినట్టుంది.

కొత్తకోటలో దిగి, అక్కడి నుంచి బండి కట్టించుకొని గుట్ట మీది స్వామి దర్శనానికి వచ్చే యాత్రికులే మా బస్తీకి జీవనాధారం. మాకు పొలాలు లేవు, మగ్గాలు లేవు. యాత్రికులకు బస, భోజనం ఇచ్చే ఇరవై ఇళ్లు, కొన్ని కొబ్బరికాయల అంగళ్లు, మియా వంటివారి బండ్లు, అంతే. బండి ఆగీ ఆగకముందే యాత్రికుల మూటలు పట్టి ఎవరి ఇంటికి వారు గుంజుకుపోయే మా దురలవాటును మాన్పించింది సత్తెవ్వే. తానూ ఒక బస ఇల్లు నడుపుకునే వితంతువే. అయినా బండ్లు ఆగే చోట చేతికర్రతో నిలబడి, ఈ బండి ఫలానా ఇంటికి, ఆ బండి ఫలానా ఇంటికి అని వంతు వేసేది. తన ఇల్లు ఎప్పుడూ ఆఖరు. వంతు వచ్చిన ఇల్లు కాళ్లకు నీళ్లివ్వాలి, మోదుగాకు విస్తరి వేయాలి, "ఏ ఊరు మీది?" అని ఆప్యాయంగా అడగాలి. ఇందులో ఏది తప్పినా ఆ కర్ర మన వైపు తిరిగేది.

ఆ వంతు ఆమె తలలో తప్ప ఎక్కడా లేదు. "అవ్వా, కాయితం మీద రాసిపెట్టుకుందం" అని ఒకసారి నేనన్నాను. "కాయితం మీద పెట్టినంక నన్నెవరు అడుగుతరు బిడ్డా?" అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. నాలుగక్షరాలు వచ్చినవాడిని, ఆమెకు తెలియకుండానైనా రాసి ఉండవలసింది.

యుద్ధకాలంలో గింజలకు, గుడ్డకు, కిరసనాయిలుకు కరువొచ్చి యాత్రికులు పలచబడ్డారు. యుద్ధం ముగిసిందని ఊపిరి పీల్చుకునేలోగా దారుల మీద దాడుల భయం పుట్టింది. వరుసగా రెండు జాతరలకు గుట్ట మీద పూజారి గంట తప్ప మరో సవ్వడి లేదు. ఒక్కొక్క ఇల్లూ షోలాపురం మిల్లుల వైపు చూడసాగింది. నేనూ మూట కట్టాను. సత్తెవ్వ నా గుమ్మంలో నిలబడి చేయి చాపింది.

"తాళంచెవి నాకిచ్చి పో. యాత్రికులొస్తే నీ వంతు నేను చేస్త. ఇండ్లన్నీ మూసి ఉంటె వచ్చినోళ్లు యాడ పంటరు? ఒక్కసారి జాగ దొరకక తిరిగిపోతె, మళ్ల గీ గుట్ట దిక్కు జూస్తరా?"

తాళంచెవి ఆమె చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మూట విప్పాను. నాతోపాటు కదలబోయినవాళ్లూ ఆగారు.

మర్నాటి నుంచి సత్తెవ్వ రోజుకొక ఇంటికి వంతు వేసింది. ఎవరి దగ్గర ఏ గింజలుంటే అవి ఆ ఇంటికి పంపాలి, బస్తీ అంతా అక్కడే తినాలి. "యాత్రికులు రాకుంటె వంతు ఆగుతదా? గీ పూట మీరే యాత్రికులు. కాళ్లు కడుక్కోండ్రి" అనేది. జొన్న గటక, పచ్చి పులుసు. మర్యాదలో మాత్రం లోటు లేదు. ఏ ఊరని అడిగితే ఖాజా మియా రోజుకొక ఊరు చెప్పేవాడు. ఒకనాడు బొంబాయి అన్నాడు. "అయ్యో, గంత దూరం నుంచి వచ్చినవా! ఇంకింత గటక ఏసుకో" అంది సత్తెవ్వ. అంత ఆకలిలోనూ పొట్టలు పట్టుకొని నవ్వాము.

సైన్యం వచ్చి నవాబు సర్కారు పోయింది. భయం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారింది. ఖాజా మియా మూడు రోజులు తలుపు తీయలేదు. నాలుగోనాడు సత్తెవ్వ, "ఇయ్యాల వంతు మియా ఇంటిది" అంది. ఆ ఇంట్లో ఎట్లా తింటామని కొందరు గొణిగారు. గొణిగినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆమె మాతో వాదించలేదు. కర్ర పట్టుకుని వెళ్లి తలుపు తట్టి, కాళ్లు కడుక్కొని, అందరికంటే ముందు విస్తరి ముందు కూర్చుంది. తలలు వంచుకొని మేమూ వెళ్లి కూర్చున్నాము. ఏ ఊరని అడగవలసినవాడు ఆ రోజు మియా. అడగకముందే సత్తెవ్వ జవాబు చెప్పింది.

"గీ ఊరే మియా. మాది గీ ఊరే."

అంతటి ధీరురాలిని నాలుగు రోజుల జ్వరం తీసుకుపోయింది. పోయే ముందురోజు కూడా, "బండ్లొచ్చినయా?" అని అడిగింది. రాలేదని చెప్పాను.

నిన్న మధ్యాహ్నం కొత్తకోట వైపు నుంచి రెండు బండ్లు వచ్చాయి. రెండేళ్ల తర్వాత మొదటి యాత్రికులు. ఇరవై ఇళ్లవాళ్లం బయటికి వచ్చి నిలబడ్డాము. ఒకప్పుడు మూటల కోసం కొట్లాడుకున్నవాళ్లం, ఎవరమూ ఒక్క అడుగు ముందుకు వేయలేదు. రెండేళ్ల కింద ఆగిన యాత్రికుల వంతు ఏ ఇంటి దగ్గర ఆగిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నీదంటే నీదని ఒకరినొకరు చూసుకున్నాము. యాత్రికులు ఎండలో నిలబడి ఉన్నారు. చివరికి ఖాజా మియా, "నాగయ్యా, అవ్వ ఇల్లు ఆఖరిది. దాని పక్కిల్లు నీది. నీతోనే షురూ జెయ్" అన్నాడు.

కాళ్లకు నీళ్లిచ్చాను. విస్తళ్లు వేశాను. ఏ ఊరు మీది అని అడిగాను. వాళ్లు చెప్పారు. చెవిన పడింది గాని, ఎంత తలచుకున్నా ఆ ఊరి పేరు ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఈ బస్తీలో ఇవాళ ఇరవై ఇళ్ల తలుపులు తెరిచి ఉన్నాయంటే అది ఆ మహాతల్లి చలవ. ఆమె కర్ర బండ్లు ఆగే చోట గోడకు ఆనించి ఉంది, దాన్ని ముట్టుకునే సాహసం మాలో ఎవరికీ లేదు. ఆమె పాదాలకు నా నమస్సులు.

అవ్వా, బండ్లొచ్చినయి. మా ఇంటి నుంచి మొదలుపెట్టినం. తప్పయితే, తప్పని చెప్పేటందుకు నువ్వు లేవు.