టీచరమ్మ రైలెక్కిన పేజీ

పుస్తకం చదివినవాడు ఆ సంగతి నలుగురికీ చెప్పకపోతే చదవనట్టే లెక్క అని మేమంతా నమ్మిన కాలం అది. అరవైల మొదట్లో బిట్రగుంట రైల్వే కాలనీలో ఆదివారం సాయంత్రాలు కొంతమంది చదువరులం ఒక గార్డుగారి వరండాలో చేరేవాళ్లం. ఈమధ్య నచ్చిన పుస్తకం గురించి ఒక్కొక్కరూ రెండు ముక్కలు చెప్పాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు. (చెప్పినవాళ్లకు ఆ రోజు టీ ఉండదు.) లోకో షెడ్డు ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను నేను. రెండు ముక్కలు నాకు ఏనాడూ సరిపోలేదు. అందుకు కారణం సాహిత్యం కాదు. టీ గ్లాసులు తెచ్చే గార్డుగారి అమ్మాయి గుమ్మం పక్కన నిలబడి మా మాటలు వినేది. ఆమె నన్ను మేధావి అనుకోవాలి. అప్పట్లో నా జీవితాశయం అదొక్కటే.

మేము చదివేవాటిలో సగం కొన్న పుస్తకాలు కావు. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు చింపి దాచుకుని, కథ అయిపోయాక ఇంట్లోనే సూదీదారంతో కుట్టి, మైదాజిగురుతో పాత క్యాలెండరు కాగితం అట్టగా అంటించేవాళ్లు. కాలనీలో ఆ పని అందరికన్నా చక్కగా చేసేది గార్డుగారి అమ్మాయే. ప్రతి వారం పైన ఉండే సీరియల్ పేరూ, 'జరిగిన కథ' అనే ముక్కా కత్తిరించేసి అసలు నవలలాగే తయారు చేసేది. ఒకరోజు గార్డుగారి అలమరాలోంచి అలాంటి పుస్తకం ఒకటి తీసుకున్నాను. అందులో ఒక టీచరమ్మ సగం దాకా కష్టాలు పడి, ఒక పేజీ చివర మద్రాసు రైలెక్కుతుంది. పేజీ తిప్పితే మద్రాసులో ఒక నర్సు, వేరే పేరు, పైగా ఒక హత్య కేసు. బొమ్మల్లో మాత్రం అదే ముఖం, అదే వాలుజడ. (రెండు సీరియళ్లకూ బొమ్మలు వేసింది ఒకే ఆయన అనీ, ఆయన గీసే ఆడవాళ్లందరికీ ఒకటే ముఖమనీ నాకు తట్టలేదు.)

ఆ ఆదివారం లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను. "ఈ నవలలో నాయిక రైలు దిగేటప్పటికి తన పాత పేరును కూడా వదిలేస్తుంది. ఎందుకో రచయిత ఒక్క మాటలో కూడా చెప్పడు. తెలుగు నవలకు ఇది కొత్త దారి!" గుమ్మం పక్కన టీ గ్లాసులు గలగలమన్నాయి. ఆమె మనసు కదిలిందనుకున్నాను. కదిలింది మనసు కాదని తర్వాత తెలిసింది. వెళ్లేటప్పుడు ఆమె ఎంతో వినయంగా నా చేతిలో ఇంకో పుస్తకం పెట్టింది. "ఇది కూడా చదవండి సార్. దీని గురించి మీరైతేనే చెప్పగలరు."

అందులో మొదటి సగం నర్సు, రెండో సగం టీచరమ్మ. మామూలు మనిషికి ఇక్కడైనా అనుమానం రావాలి. నాకు ఉత్సాహం వచ్చింది. మొదటి పేజీలో వేరే రచయిత పేరు కనిపిస్తే, నాయికలాగే ఆయన కూడా పేరు మార్చుకున్నాడనుకున్నాను. మరుసటి ఆదివారం, "ఇందులో కాలం వెనక్కి నడుస్తుంది" అని మొదలుపెట్టాను.

"ఉండబ్బయా," అని అడ్డం వచ్చాడు ఇంజన్లో బొగ్గువేసే ఫైర్‌మన్ అన్న. నా మాట నమ్మి మొదటి పుస్తకం తీసుకుపోయింది ఆయనే. "నువ్వు చెప్పినావని నిద్ర గూడా మానుకోని చదివినా. మీ వదినకు చెప్తే పడీ పడీ నవ్వింది. అయి రెండు కతలంట. వారం వారం చదివిందంట. కాలమూ లేదు, గీలమూ లేదు. కట్టలు మారినాయి, అంతే!"

వరండా అంతా గొల్లుమంది. గార్డుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమ్మా, నువ్వు కుట్టినవేనా?" అన్నారు.

"అవును నాయనా. నేను కుడతా ఉంటే నువ్వు డ్యూటీకి టైమయింది, క్యారియర్ కట్టమని కేకేసినావు. లేచి క్యారియర్ కట్టిచ్చి వచ్చి, దీని సగం దానికీ దాని సగం దీనికీ కుట్టేసినా. విప్పుదామనుకునే లోపల ఈ సారు తీసుకుపోయినారు."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఎట్టా చెప్పేది నాయనా, అంత బాగా చెప్తా ఉంటే!"

ఆ తర్వాత కొంతకాలం ప్రతి ఆదివారం నాకు తలనొప్పి వచ్చేది. చివరికి గార్డుగారే ఆఫీసుకు వచ్చి, కొత్తగా కుట్టిన పుస్తకం నా బల్ల మీద పెట్టారు. "మా అమ్మాయి ఇమ్మనింది. పేజీలన్నీ చూసే కుట్టిందంట. ధైర్యంగా మెచ్చుకోమని చెప్పమనింది." ఆ ఆదివారం వెళ్లాను. రెండు ముక్కలే చెప్పి కూర్చున్నాను. టీ గ్లాసు అందిస్తూ ఆమె, "ఇంతేనా సార్?" అంది.

పెళ్లయ్యాక ఆ తారుమారు పుస్తకాలు రెండూ ఆమెతోపాటు మా ఇంటికి వచ్చాయి. విప్పి సరిగ్గా కుట్టమని ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. "తెలుగు నవలకు కొత్త దారి గదా, నేనెందుకు మూసేది?" అనేది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. నెల్లూరులో పుస్తకాల మిత్రులు, ఈమధ్య నచ్చిన పుస్తకం గురించి నాలుగు వాక్యాలు రాయమన్నారు. ఈమధ్య నేను చదివింది ఇదొక్కటే. టీచరమ్మ రైలెక్కింది. అతుకు అక్కడే ఉందని నాకు తెలుసు, దారం కూడా కనిపిస్తోంది. అయినా పేజీ తిప్పి ఆ ముఖం చూడగానే, ఆమె ఎక్కడికీ పోలేదు, ఊరూ పేరూ మార్చుకుంది, అంతే అనుకున్నాను. ఆ గుమాస్తా కుర్రవాడు మరీ అంత తెలివితక్కువవాడేమీ కాదనిపించి నవ్వొచ్చింది. పుస్తకం బాగుంది. ముగింపు మాత్రం చెప్పకూడదు.