పసుపు పూసిన పిల్లి

మా నాయనమ్మ వాడిన పేలదువ్వెన ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రెండు వైపులా సన్నటి పళ్ళు, మధ్యలో వేళ్ళ రాపిడికి నున్నబడిన చెక్క, ఒక మూల పళ్ళు విరిగి చిన్న సందు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె, కుంకుడు నురగ, కాస్త పసుపు, వాటన్నిటి వెనక వానకి తడిసిన పిల్లి ఒంటి వాసన లీలగా తగులుతాయి. నిజంగా తగులుతాయో, తగులుతాయని నేననుకుంటానో చెప్పలేను. ఈ మధ్య ఆ దువ్వెన్ని మళ్ళీ బయటికి తీయాల్సి వచ్చింది. రాజమండ్రిలో నేనుండేది మూడో అంతస్తు. ఇంట్లో నేను, చిట్టి అనే పిల్లి, అంతే. సాయంత్రాలు నా దగ్గర లేసు అల్లిక నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ఒక్కొక్కరే మానేశాక ఇంట్లో మాట వినబడటం తగ్గిపోయింది. ఆ తర్వాతే చిట్టి తన పొట్ట తాను అదేపనిగా నాక్కోవడం మొదలుపెట్టింది. పిల్లులన్నీ నాక్కుంటాయి కదా అని ఊరుకున్నాను. కడుపు కింద బొచ్చు ఊడి గులాబీరంగు చర్మం బయటపడింది. ఒక పొద్దున పూజామందిరం ముందు అది డొక్కలెగరేసి, మెడ సాగదీసి, తడి వెంట్రుకల చుట్ట ఒకటి కక్కింది. దాన్ని చూడగానే నరసాపురంలో మా ఇంటి గడప కళ్ళముందు నిలిచింది.

చిన్నప్పుడు నాకు కీళ్ళజ్వరం వచ్చి అది గుండె మీద పడిందన్నారు. పరుగులొద్దు, మెట్లొద్దు, బడి అసలే వద్దు. అందుకని నా చదువంతా ఇంటి నడవాలోనే సాగింది. పొద్దున్నే నాయనమ్మ తులసికోటకి నీళ్ళుపోసి వచ్చి పద్యాలు చెప్పేది. మధ్యాహ్నం అమ్మ లేసు అల్లుకుంటూ, కొక్కెం సూది మీంచి చూపు తిప్పకుండానే నా చేత ఎక్కాలు చెప్పించేది. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని ఇంగ్లీషు పాఠం చదివించేవారు. మిగిలిన పొద్దంతా కిటికీదే. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే ఎవరి బిళ్ళ గీత మీద పడిందో నేను లోపల్నించే చెప్పేదాన్ని, వాళ్ళకి వినబడేది కాదు. గచ్చకాయలు నేనొక్కదాన్నే ఎగరేసుకుని నేనే గెలిచేదాన్ని. చలికాలం తంపటేసిన తేగల వాసన, వేసవిలో ముంజెలమ్మే కేక, రైలు ఇంక ముందుకెళ్ళడానికి పట్టాల్లేక మా ఊళ్ళోనే ఆగినప్పుడు వదిలే పెద్ద నిట్టూర్పు, అన్నీ ఆ కిటికీలోంచే వచ్చి నన్ను పలకరించి వెళ్ళిపోయేవి.

అలా ఉన్న ఇంట్లోకి నాన్న ఒక వానరోజు గొడుగులో పెట్టుకుని తెల్లటి పిల్లికూన్ని తెచ్చారు. పాలమీద తొరకలా ఉందని మీగడ అని పేరు పెట్టాం. కొంచెం పెరిగాక వీధికుక్కలు తరిమి చెవి కొరికేశాయి. ఆ రోజు నాయనమ్మ వీధి తలుపు గడియపెట్టి, "మీ ఇద్దరికీ ఇంక గడప దాటే పన్లేదు. కూర్చోండి, కబుర్లు చెప్పుకోండి," అంది. నేను చెప్పేదాన్ని, మీగడ వినేది. ఎదురింటి రత్నమ్మగారు పులస కూర పొయ్యి మీద పెట్టిన రోజుల్లో మాత్రం నా మాట దానికి ఎక్కేది కాదు. కిటికీ ఊచల్లో ముక్కు దూర్చి కూర్చునేది.

ఒక ఆషాఢంలో నాకు దగ్గు పట్టుకుంది. డాక్టరుగారు పిల్లి బొచ్చు మంచిది కాదు, గదిలోకి రానివ్వకండి అన్నారు. మీగడని వంటింటి పక్కనున్న సామాన్ల గదిలో పెట్టి తలుపు వేశారు. మొదట అరిచింది. తర్వాత అరవడం మానేసింది. నా మంచం ఆ గోడకి ఆనుకునే ఉండేది. చెవి పెట్టి వింటే గరుకు గుడ్డతో పీట తుడుస్తున్నట్టు చప్పుడు, ఆగకుండా వచ్చేది. అది నాక్కుంటోందని తెలుసు. ఎందుకని నేనడగలేదు, అడిగినా చెప్పడానికి ఎవరికీ తెలియదు కూడా. కొన్నాళ్ళకి దాని పొట్ట బోడిదైంది.

"గజ్జండీ ఇది, పసుపు రాస్తే పోద్ది," అని రత్నమ్మగారు తేల్చారు. నాయనమ్మకి పసుపంటే దేవుడంత నమ్మకం. శ్రావణమాసం, వారం వారం గడపలకి పసుపు, అమ్మ పాదాలకి పసుపు. ఆ గిన్నెలో మిగిలింది కొబ్బరినూనెలో రంగరించి మీగడ పొట్టకి. అది ఆ నూనె వదిలించుకోవడానికి ఇంకా నాకేది, బొచ్చు ఇంకా మింగేది. మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు.

ఒక శ్రావణ శుక్రవారం, అమ్మవారికి పూర్ణం బూరెలు వండుతుంటే ఇల్లంతా నేతి వాసన. నాయనమ్మ మడికట్టుకుని పూజగదికి వెళ్ళబోయి గడప దగ్గర కొయ్యబారిపోయింది. అక్కడ పొడుగ్గా చుట్టుకున్న వెంట్రుకల ఉండ, దానికి పసుపు అంటి ఉంది, పక్కన నాలుగు గరిక పరకలు. చేతబడికి ఇంకేం కావాలి?

"పిల్లదాని మీద చేయించార్రోయ్!" అని నాయనమ్మ పెట్టిన కేకకి నాన్న సబ్బు నురగ మొహంతోనే పరిగెత్తుకొచ్చారు.

"ఎవరు చేయిస్తారమ్మా? మనకేముందని?"

"గజ్జికి పసుపు రాయమని చెప్పిందెవరు? ఆవిడే. మన గడప తెలిసిందెవరికి? ఆవిడకే."

ఆ రోజు రత్నమ్మగారింటికి వాయనం వెళ్ళలేదు. నా మెడలో కొత్త తాయెత్తు పడింది. నా కిటికీ కూడా మూసేశారు, దృష్టి తగులుతుందని. నాకు మిగిలినవి ఆ గోడా, గోడ అవతలి గరుకు చప్పుడూ.

నిజం బయటపడటానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పొద్దున పాలకి వదిలినప్పుడు మీగడ నాయనమ్మ కళ్ళముందే పూజకి కోసిన గరిక నాలుగు పరకలు నమిలి, గడప దగ్గర వంగి, అలాంటిదే ఇంకో ఉండ కక్కింది. నాన్న గోడకి ఆనుకుని పడిపడి నవ్వారు. "ఇదిగోనమ్మా నీ చేతబడి. మంత్రగత్తె పాలు కూడా తాగుతోంది." సాయంత్రం నాయనమ్మ మళ్ళీ బూరెలు వండి, గిన్నె పట్టుకుని తనే ఎదురింటికి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చింది. ఏం చెప్పిందో మాకు చెప్పలేదు. తిరిగొచ్చిన గిన్నెలో రత్నమ్మగారు పనసతొనలు పంపారు.

అయితే నవ్వు అక్కడితో ఆగిపోయింది. పిల్లికి జబ్బు చేసింది, ఆ వెంట్రుకలు పిల్ల కడుపులోకి పోతే ఎలా అని పెద్దవాళ్ళు ఆలోచించి, దాన్ని ఏరు దాటించి అవతలి ఒడ్డున కొబ్బరితోటలో ఉన్న నాన్న స్నేహితుడి ఇంట్లో వదలాలని తీర్మానించారు. నాకు చెప్పలేదు, గోడలోంచి విన్నాను. అప్పటికి గోదారి ఎర్రగా ఒడ్డులొరుసుకుని పారుతోంది. మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు వరద వల్ల ఆపేశారు. ఊరంతా నీళ్ళు తగ్గాలని దణ్ణం పెట్టుకుంటుంటే నేను మాత్రం దుప్పట్లో చేతులు జోడించి, గోదారమ్మా, ఇంకొన్నాళ్ళు తగ్గకు తల్లీ అని మొక్కేదాన్ని. ఆవిడ ఎవరి మాట వినాలో తెలిసిన తల్లి. నీళ్ళు తగ్గాయి. నాన్న మూత ఉన్న వెదురుబుట్ట తెచ్చారు.

వెళ్ళేముందు ఒకసారి చూసుకుంటానని ఏడిస్తే, నాయనమ్మ మీగడని తెచ్చి నా మంచం మీద వదిలింది. తను తులసిమాల తీసుకుని జపానికి పక్కనే పీట వేసుకుంది. మీగడ నా చుట్టూ తిరిగి, నా మోకాళ్ళ వెనక గుంటలో ముడుచుకుంది. నేను దానికి ఇన్నాళ్ళ కబుర్లూ చెప్పాను. ఎవరి బిళ్ళ గీత మీద పడిందో కూడా. అది వింటూ వింటూ నిద్రపోయింది. నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి కానీ కళ్ళు పిల్లి మీదే ఉన్నాయి.

"అమ్మా, పంటు కదులుతుంది, బుట్టలో పెట్టు," అని వాకిట్లోంచి నాన్న.

"జపంలో ఉన్నాన్రా."

కాసేపటికి మళ్ళీ, "అమ్మా!"

"మాల పూర్తవనియ్యి."

మాల పూర్తయింది. ఆవిడ రెండో మాల మొదలుపెట్టింది. రేవు వైపు నుంచి పంటు కూత వినబడింది, తర్వాత ఇంజను చప్పుడు దూరమైంది. అప్పుడు మాల కళ్ళకద్దుకుని, "ఇంతసేపూ ఒక్కసారీ నాకలేదురా," అంది. "గజ్జీ కాదు, గాలీ కాదు. దిగులు. దిగులు పడ్డదాన్ని ఏరు దాటిస్తే దిగులు పోద్దా?"

"మరి దగ్గు?"

"రోజూ దువ్వుతాను. రాలే బొచ్చంతా నా దువ్వెనకొస్తే ఇంక దగ్గేంటి, కక్కడమేంటి?"

అన్నట్టే చేసింది. డాక్టరుగారు కూడా మంచం మీదకి ఎక్కనివ్వకపోతే చాల్లెండి అన్నారు. వినాయకచవితి నాడు మీగడ పత్రి పళ్ళెంలోంచి గరిక లాక్కుంటే నాన్న ఎంగిలి, ఎంగిలి అని అరిచారు. నాయనమ్మ ఉండ్రాళ్ళు చుడుతూ, "తిననియ్యి. అగ్గిలాంటి రాక్షసుణ్ణి మింగాక ఆ స్వామి కడుపులో మంట చల్లార్చిందీ ఈ గరికే కదా," అని, చిల్లుపడిన గంగాళంలో దానికోసం వేరే గరిక నాటింది. రోజూ సాయంత్రం దీపాలవేళకి ముందు నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది, తర్వాత మీగడని. నా చిక్కువెంట్రుకలు ఉండచుట్టి చూరులో దోపేది, పిన్నులిచ్చి వెంట్రుకలు కొనుక్కునే మనిషి కోసం. మీగడవి గరిక మొదట్లో పాతేది. దాని పొట్ట మీద మళ్ళీ తెల్లటి నూగు వచ్చేసరికి కార్తీకమాసం వచ్చింది. ఏ పూజా తెలియని మూగజీవిని నాకు తోడుగా ఇచ్చిన భగవంతుడికి ఆ దీపాలప్పుడు నేను మొదటిసారి ఎవరూ చెప్పకుండా దణ్ణం పెట్టాను.

చిట్టిని చూసిన డాక్టరమ్మ వయసులో చాలా చిన్నది. పేలు, గజ్జి లేవని చూసి, రోజూ దువ్వమంది, మింగిన బొచ్చు కడుపులో చుట్టుకోకుండా తినిపించే పేస్టు రాసిచ్చింది. ఏమీ తినకుండా ఊరికే డోకుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మంది. తర్వాత అడిగింది, "ఇంట్లో ఒక్కతే ఉంటుందాండీ?"

"ఆయ్, నేనుంటానండి," అన్నాను. "కానీ మాట్లాడను."

ఇప్పుడు మాట్లాడుతున్నాను. బాల్కనీలో పాత బకెట్టులో గరిక పెంచుతున్నాను. సాయంత్రం చిట్టిని ఒళ్ళో పెట్టుకుని జపం చేసుకుంటూ, నాయనమ్మలాగే, దాన్నే చూస్తుంటాను. నిన్న మాల సగంలో ఒకసారి పొట్ట వైపు తల వంచింది. పేరు పెట్టి పిలిస్తే ఆగి నావైపు చూసింది. ఆ చూపు చాలు ఆ రోజుకి. నరసాపురంలో ఆ పెంకుటిల్లు లేదు, పిన్నుల మనిషి కేక ఏ వీధిలోనూ వినబడదు, నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేవాళ్ళు లేరు. దువ్వడం అయ్యాక చిట్టి బొచ్చు గరిక మొదట్లో పెట్టి, అదే దువ్వెనతో నా తల దువ్వుకున్నాను. రాలిన నెరిసిన వెంట్రుకల్ని ఉండచుట్టి, అలవాటుగా, ఇక్కడ లేని చూరులో దోపడానికి చెయ్యి పైకెత్తాను.